పెన్సిల్ పట్టు రాలేదని స్కూల్ డైరీలో రాశారు. బాబుకి 3 ఏళ్ల 8 నెలలు. ఇది ఆలస్యమేనా?

బుజ్జిగాడి అమ్మ, హైదరాబాద్
జూలై 8, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా బాబుకి మూడేళ్ల ఎనిమిది నెలలు. జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. మొన్న డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పంపారు: పెన్సిల్ గ్రిప్ లేదు, స్టాండింగ్ లైన్లు స్లీపింగ్ లైన్లు వంకర పోతున్నాయి, ఇంట్లో రోజూ ప్రాక్టీస్ చేయించండి అని. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరింటికి వాడూ నేనూ ఫోర్ రూల్స్ పుస్తకం ముందేసుకుని గంట కూర్చుంటున్నాం. పెన్సిల్‌ని పిడికిలి బిగించి పట్టుకుంటాడు. ఎంత నొక్కుతాడంటే గీత అచ్చు కింద నాలుగు పేజీలకి పడుతుంది, మొన విరిగిపోతుంది. ఒక వరస అయ్యేసరికి తల బల్ల మీద వాల్చేసి "చెయ్యి నొప్పి అమ్మా" అంటాడు. నిన్న ఏడ్చి ఏడ్చి పుస్తకం మీదే నిద్రపోయాడు.

పరుగెడతాడు, సోఫా ఎక్కి దూకుతాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి దిగుతాడు. మాది నాలుగో అంతస్తు, ఎప్పుడూ లిఫ్టే. చొక్కా గుండీలు నేనే పెడతాను, అన్నం నేనే తినిపిస్తాను, పొద్దున పూట అసలు టైం ఉండదు. నేల మీద కూర్చుంటే మోకాళ్లు ముందుకి, పాదాలు చెరో పక్కకి పెట్టి కూర్చుంటాడు.

మా అత్తగారు "వాళ్ల నాన్నా అంతే, ఆలస్యంగానే రాశాడు" అంటారు. పక్క ఫ్లాట్ పాప వీడికంటే రెండు నెలలు చిన్నది, ఏ నుంచి జెడ్ దాకా రాసేస్తోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది మీ పిల్లల్లో చూశారా?

ఇద్దరు పిల్లల నాన్న, విజయవాడ
జూలై 8, రాత్రి 11:15

ముందు ఆ గంట ప్రాక్టీస్ ఆపేయండమ్మా. మా పెద్దమ్మాయికి ఇలాగే మూడున్నరేళ్లకి మొదలుపెట్టించాం. అయిదేళ్లు వచ్చేసరికి పుస్తకం తీస్తేనే కడుపునొప్పి అనేది. రాయడం రాకపోవడం కంటే రాత అంటే భయం పట్టుకోవడం పెద్ద సమస్య. ఆ భయం పోగొట్టడానికి మాకు రెండేళ్లు పట్టింది.

విశాఖ ఓటీ
జూలై 9, ఉదయం 7:05

అమ్మా, నేను పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), అంటే తినడం, రాయడం, గుండీ పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు పిల్లలకి వచ్చేలా సాయం చేస్తాను, పదకొండేళ్లుగా ఇదే పని. బాబుని చూడకుండా తీర్పు చెప్పను. కానీ మీరు రాసినదాంట్లో చాలావరకు ఆ వయసులో ఉండేదే.

పిల్లల కదలికలకి ఒక వరస ఉంది. పైనుంచి కిందికి, నడుమ నుంచి చివరలకి. మొదట మెడ నిలుస్తుంది, తర్వాత నడుము, ఆ తర్వాత కాళ్లు. చేతిలోనూ అంతే: భుజం, మోచెయ్యి, మణికట్టు, అన్నిటికంటే చివర వేళ్లు. పెన్సిల్ ఆ చిట్టచివరి మెట్టు మీద ఉంటుంది. మనం బడిలో వేసిన మొదటి వారమే అక్కణ్ణుంచి మొదలుపెడుతున్నాం.

మణికట్టు సంగతి చెబుతాను, ఇది విన్నాక చాలామంది తల్లిదండ్రులు నెమ్మదిస్తారు. పెద్దవాళ్ల మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు ఎక్స్‌రే తీస్తే ఒక్కటీ కనిపించదు, అప్పటికి అంతా మెత్తటి మృదులాస్థే. మొదటి కొన్ని నెలల్లో రెండు గట్టిపడటం మొదలవుతుంది. మూడో ఏడు ప్రాంతంలో ఇంకొకటి, నాలుగు దగ్గర మరొకటి, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య ఇంకో మూడు. చివరిది 8 నుంచి 12 ఏళ్ల మధ్య. ఆడపిల్లల్లో ఇది కాస్త ముందే జరుగుతుంది. పక్క ఫ్లాట్ పాపతో పోల్చుకునేటప్పుడు ఇదీ గుర్తుపెట్టుకోండి.

పట్టు కూడా మెట్లు మెట్లుగా వస్తుంది. ఏడాదిన్నర పిల్లాడు క్రేయాన్‌ని పిడికిట్లో పట్టుకుని చెయ్యంతా ఊపుతాడు. రెండు, మూడేళ్ల మధ్య వేళ్లన్నీ కిందికి తిప్పి పట్టుకుంటాడు, అప్పుడు కదిలేది మోచెయ్యి. మూడున్నర, నాలుగు దగ్గర బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలి మీదికి పట్టు వస్తుంది, కానీ ఆ వేళ్లు ఇంకా కదలవు, మణికట్టే తిరుగుతుంది. వేళ్లే ఆడుతూ రాయడం నాలుగున్నర నుంచి ఆరేళ్ల మధ్య వస్తుంది.

గీతలూ అంతే. నిలువు గీత రెండేళ్లకి, గుండ్రం మూడేళ్లకి, కూడిక గుర్తు నాలుగుకి, చతురస్రం నాలుగున్నరకి అటూ ఇటూగా, త్రిభుజం అయిదుకి. ఏటవాలు గీత అన్నిటికంటే ఆలస్యం. ఇంగ్లీషు పెద్ద ఏ చూడండి, రెండు ఏటవాలు గీతలు, పైన కలవాలి. మొదటి అక్షరమని దాంతోనే మొదలుపెట్టిస్తాం, గీయడానికి మాత్రం అది కష్టమైనవాటిలో ఒకటి.

నా దగ్గరికి వచ్చిన పిల్లలకి నేను ముందు పెన్సిల్ ఇవ్వను. బండి ఆట ఆడిస్తాను. కాళ్లు నేను పట్టుకుంటే వాడు చేతుల మీద నడవాలి. పది అడుగులు వేసేలోపు నడుము కిందికి వేలాడిపోయిందా, అరచేతులు విప్పకుండా పిడికిళ్ల మీద నడుస్తున్నాడా అని చూస్తాను. మీ బాబు తల బల్ల మీద వాల్చేస్తున్నాడంటే అది బద్ధకం కాదమ్మా. నడుము, భుజం అలిసిపోయి మెడని నిలబెట్టలేకపోతున్నాయి.

కూర్చునే తీరు గురించి: అలా కూర్చోవడం ఆ వయసులో మామూలే. ఎప్పుడూ అలాగే కూర్చుంటే మాత్రం నడుముకి పని తగ్గిపోతుంది. తిట్టకుండా "మఠం వేసుకుందాం రా" అని పక్కన కూర్చోండి, చాలు.

తణుకు మాస్టారు
జూలై 9, ఉదయం 9:30

ఓటీ గారూ, మీరు చెప్పింది గౌరవంగా చదివాను. కానీ ఒక మాట. ముప్పై ఏడేళ్లు ప్రాథమిక పాఠశాలలో పనిచేశాను. చేయించకపోతే రాదు. "వయసు వస్తే అదే వస్తుంది" అని వదిలేసిన పిల్లలు నాలుగో తరగతిలో పెన్సిల్‌ని బొటనవేలి కింద నలిపి పట్టుకుని వచ్చేవారు. అప్పటికి ఆ పట్టు గట్టిపడిపోతుంది, మార్చడం మా తరం అయ్యేది కాదు.

మా కాలంలో అయిదో ఏట అక్షరాభ్యాసం. పళ్లెంలో బియ్యం పోసి, తండ్రో తాతో పిల్లాడి వేలు పట్టుకుని దిద్దించేవారు. తర్వాత కొన్నాళ్లు ఇసుకలో వేలితో. తర్వాత పలక, బలపం. పుస్తకం, పెన్సిల్ చాలా చివర వచ్చేవి. ఇప్పుడు మూడేళ్లకే బాసర తీసుకెళ్లి అక్షరాభ్యాసం చేయిస్తున్నారు, మర్నాడు నేరుగా పెన్సిల్ ఇస్తున్నారు. మధ్యలో ఇసుకా పోయింది, పలకా పోయింది. దిద్దించడమే తప్పంటే మాత్రం ఒప్పుకోను.

విశాఖ ఓటీ
జూలై 9, ఉదయం 10:10

మాస్టారూ, మీ మాటతో నాకు పేచీ లేదు. మీరు చెప్పిన వరసే సరైన వరస. వేలితో బియ్యంలో రాసేటప్పుడు భుజం నుంచి చెయ్యంతా కదులుతుంది, వేలికి గింజల గరుకు తెలుస్తుంది. బలపం సంగతి ఇంకా ముఖ్యం. విరిగి విరిగి గోరంత మిగిలిన బలపం ముక్కని పిడికిట్లో పట్టుకోవడం కుదరదు, మూడు వేళ్లే దిక్కు. నేనిప్పుడు క్లినిక్‌లో కొత్త క్రేయాన్లని మూడు ముక్కలు చేసి ఇస్తాను. చేసేది ఆ బలపం ముక్క పనే. నేను వద్దనేది మూడున్నరేళ్ల పిల్లాడిని గంటసేపు గీతల మధ్య బంధించడాన్ని.

పల్నాడు అంగన్‌వాడీ టీచర్
జూలై 9, మధ్యాహ్నం 2:20

చెల్లీ, మా సెంటర్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు పద్దెనిమిది మంది. నేను చూసింది చెబుతాను.

మా పిల్లలు అరుగు మీంచి దూకుతారు, జామచెట్టు ఎక్కుతారు, తొక్కుడు బిళ్ళ ఆడతారు. నాలుగున్నర దాటిన వాళ్లు చాలామంది ఒంటికాలి మీద నాలుగు గళ్లు గెంతగలరు. మూడేళ్ల వాళ్లు గెంతబోయి రెండో కాలు దించేస్తారు. పెద్దపిల్లలు "అవుట్" అంటే ఏడుస్తారు, మళ్లీ వచ్చి నిలబడతారు. రోజూ అదే చేస్తారు. ఒక రోజు ఉన్నట్టుండి రెండు గళ్లు గెంతేస్తారు. వాళ్లకి ఎవరూ నేర్పలేదు.

అదే పిల్లలకి కత్తెర ఇస్తే పట్టుకోవడం రాదు, ఇళ్లల్లో ఎప్పుడూ ఇచ్చి ఉండరు. కాబట్టి ఊళ్లో పిల్లలందరికీ అన్నీ వస్తాయనుకోకండి. చేసినదే వస్తుంది.

నేను ఎక్కువగా చేయించేది చింతగింజల పని. మూతి సన్నగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో ఒక్కో గింజ వేయడం. మొదటివారం గుప్పిట్లో పట్టుకుని మూతి మీద పోస్తారు, అన్నీ కిందే. తర్వాత రెండు వేళ్లతో ఒక్కటి తీసి వేస్తారు. ఆ తర్వాత అరచేతిలో నాలుగు గింజలు దాచుకుని ఒక్కొక్కటే వేళ్ల కొసకి జరుపుకుని వేస్తారు. ఆ మూడోది వచ్చిన పిల్లలకి పలక ఇస్తే ఇబ్బంది పడరు. ఇది నేను ఏళ్ల తరబడి గమనించింది. మూడేళ్లలోపు పిల్లలు పక్కన ఉంటే మాత్రం గింజలు తీయకండి, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

ఇంకొకటి ముగ్గు. సంక్రాంతి నెలలో వాకిట్లో చుక్కలు నేను పెడతాను, పిల్లలు కలుపుతారు. ముగ్గుపిండిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలి మధ్య పట్టుకుని కొంచెం కొంచెంగా వదలాలి. పెన్సిల్‌కి కావలసిన పట్టు అదే కదా. పైగా గొంతుక్కూర్చుని చేస్తారు, కుడి నుంచి ఎడమకి చెయ్యి చాపుతారు. నాలుగేళ్ల పిల్లల ముగ్గు ముద్దలు ముద్దలుగా పడుతుంది, పడనివ్వండి.

మా శిక్షణలోనూ ఇదే చెప్పారు. 2020 జాతీయ విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. మాకు 2024లో వచ్చిన ఆధారశిల పాఠ్యప్రణాళిక కూడా ఆటతోనే నడపమంటుంది. అయినా తల్లులు వచ్చి "పక్క ప్రైవేటు స్కూల్లో ఏబీసీడీలు రాయిస్తున్నారు, మీరెందుకు రాయించరు" అని అడుగుతారు. ఆ మాట విన్నప్పుడు చాలా బాధేస్తుంది.

కరీంనగర్ అమ్మమ్మ
జూలై 9, సాయంత్రం 6:45

బిడ్డా, అన్నం నువ్వే తినిపిస్తున్నా అన్నావు కదా, నేను అక్కడ ఆగాను.

నా మనుమడికి నాలుగేళ్లు వచ్చేదాకా నేనే తినిపించాను. గోరుముద్దలు పెడితేనే తింటాడని మురిసిపోయాను. ఈ ఏడు మా బిడ్డ "అమ్మా, వాడినే తిననియ్యి" అని గట్టిగా చెప్పింది. మొదటి రోజు పళ్లెంలో సగం, నేల మీద సగం. వేళ్లన్నీ కలిపి పారలెక్క అన్నం ఎత్తేవాడు, నోటిదాకా వచ్చేసరికి అంతా రాలిపోయేది. పప్పన్నం కొంచెం ముద్దగా కలిపి ఇచ్చాను. నాలుగో రోజుకి అయిదు వేళ్ల కొసలతో చిన్న ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి నెట్టడం నేర్చుకున్నాడు. బొటనవేలు అట్ల నెట్టడం చూసి నా కళ్లల్ల నీళ్లు తిరిగినయ్.

ఇప్పుడు చిక్కుడుకాయలు ముందేసుకుంటే వచ్చి కూర్చుంటాడు. కొస తుంచి ఈనె కిందిదాకా లాగుతాడు. పల్లీలు ఒలుస్తాడు. గంటకి పది ఒలిచినా సరే, ఒలవనియ్యి.

ఓ అబ్బాయి తండ్రి
జూలై 9, రాత్రి 11:50

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇక్కడ అందరూ ధైర్యం చెబుతున్నారు, అది మంచిదే. కానీ మా ఇంట్లో ఆ ధైర్యమే రెండేళ్లు ఆలస్యం చేసింది.

మా బాబు కూడా మెట్లెక్కడంలో వెనకబడ్డాడు. పరుగెత్తితే నడుము అటూ ఇటూ ఊగేది. తరచూ పడేవాడు. పిక్కలు మాత్రం గట్టిగా, లావుగా ఉండేవి. పహిల్వాన్ పిక్కలని అందరూ మెచ్చుకునేవారు, మేమూ సంతోషించాం. నేల మీంచి లేచేటప్పుడు వాడు బోర్లా తిరిగి, చేతులూ కాళ్లూ ఆనించి, తర్వాత చేతుల్ని మోకాళ్ల మీద, తొడల మీద ఒక్కో అంగుళం పైకి జరుపుకుంటూ తన ఒంటిని తనే ఎక్కుతున్నట్టు లేచేవాడు. మూడేళ్లప్పుడు చూపిస్తే "మగపిల్లలు కాస్త ఆలస్యం, అదే సర్దుకుంటుంది" అన్నారు. నమ్మాం. నమ్మాలని ఉండింది.

అయిదేళ్లకి ఇంకో డాక్టర్ గారు వాడు నేల మీంచి లేవడం చూసి, ఆ నిమిషమే సీపీకే రక్తపరీక్ష రాశారు, కండరాలు దెబ్బతింటున్నాయేమో చూసే పరీక్ష అది. తర్వాత జన్యుపరీక్ష. డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే కండరాలు క్రమంగా బలహీనపడే జన్యు జబ్బు. ఇప్పుడు తొమ్మిదేళ్లు. మందులు, ఫిజియోథెరపీ నడుస్తున్నాయి. ముందే తెలిసినా జబ్బు పోయేది కాదు. కానీ ఆ రెండేళ్లు "సరిగ్గా నడువు, బద్ధకం చెయ్యకు" అని వాణ్ణి తిట్టేవాళ్లం కాదు.

ఇది అరుదైన జబ్బు, దాదాపు అయిదు వేల మంది మగపిల్లల్లో ఒకరికి. చెల్లెమ్మా, మీ బాబుకి ఇదని నేను అనడం లేదు. సోఫా మీంచి దూకే పిల్లాడని మీరే రాశారు. ఒక్కసారి నేల మీంచి ఎలా లేస్తాడో చూడండి, అంతే.

బుజ్జిగాడి అమ్మ, హైదరాబాద్
జూలై 10, ఉదయం 6:20

అన్నయ్యా, మీరు ఇది రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున వాడు లేవగానే నేల మీద బంతి పెట్టి కూర్చోబెట్టాను. చేతులు తొడల మీద పెట్టలేదు, ఒక్క ఉదుటున లేచి బంతి వెనక పరుగెత్తాడు. మూడుసార్లు చూశాను. మీ బాబు కోసం దేవుణ్ణి ప్రార్థిస్తాను.

ఓటీ గారూ, ఇంకా ఏవైనా చూసుకోవలసినవి ఉంటే దయచేసి చెప్పండి.

విశాఖ ఓటీ
జూలై 10, ఉదయం 8:40

అన్నగారు రాసింది ప్రతి తల్లీ తండ్రీ చదవాలి. ఆ లేచే తీరుని వైద్యంలో గవర్స్ సైన్ అంటారు. అది కనిపిస్తే వారం కూడా ఆగకూడదు.

వచ్చిన పని పోవడం అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు. నిన్నటిదాకా మెట్లెక్కిన పిల్లాడు ఈ నెల ఎక్కలేకపోతే, గుండీ విప్పే పాప మానేస్తే, ఏ వయసైనా సరే వెంటనే చూపించాలి. ఆలస్యంగా రావడం వేరు, వచ్చింది పోవడం వేరు. ఒక పక్క చెయ్యో కాలో రెండోదాని కంటే తేడాగా వాడటం కూడా చూడండి. ఏడాదిన్నరలోపే ఒక్క చేత్తోనే అన్నీ చేస్తుంటే "మా వాడిది ఎడమచేతి వాటం" అని సరిపెట్టుకోవద్దు. రెండో చెయ్యి ఎందుకు వాడటం లేదో తెలుసుకోవాలి. మూడేళ్లు దాటినా ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తుంటే, రెండు కాళ్లూ ఎత్తి గెంతలేకపోతే, అప్పుడూ పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రక్తహీనత ఉన్న పిల్లలు కూడా ఊరికే అలిసిపోతారు, అది చిన్న పరీక్షతో తెలిసిపోతుంది.

డబ్బు గురించి వెనకాడేవాళ్ల కోసం: రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకి ఉచితంగా చూస్తారు, ఎదుగుదల ఆలస్యాలు కూడా అందులో ఉన్నాయి. జిల్లా స్థాయిలో డైక్ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రాలు ఉంటాయి, డాక్టరు, థెరపిస్టు ఒకేచోట చూస్తారు.

ఏ జబ్బూ లేకపోయినా కొందరు పిల్లల్లో కదలికల పొందిక కుదరదు. దాన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. వందలో అయిదారుగురికి ఉంటుంది. మామూలుగా అయిదేళ్లలోపు ఆ పేరు పెట్టరు, ఎందుకంటే అప్పటిదాకా పిల్లల మధ్య తేడాలు చాలా ఎక్కువ. కానీ సాయం చేయడానికి పేరు పెట్టేదాకా ఆగనక్కర్లేదు.

డాలస్ తెలుగమ్మాయి
జూలై 10, ఉదయం 9:55

అక్కా, ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను. మా పాపకి మూడేళ్లప్పుడు పరీక్ష చేశారు. అమెరికాలో మూడేళ్లలోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ అని రాష్ట్రం చూసుకుంటుంది, మూడు నిండాక స్కూల్ డిస్ట్రిక్ట్ ఉచితంగా పరీక్షిస్తుంది. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామందికి ఇది తెలియదు.

పరీక్ష చేసినావిడ దగ్గరున్న ప్రశ్నల జాబితాలో "ఫోర్క్ వాడుతుందా" అని ఉంది. వాడదన్నాను. "తనంతట తను తినదు" అని రాసుకోబోయారు. ఆగమని చెప్పి, డబ్బాలో ఉన్న పెరుగన్నం తీసి పాప ముందు పెట్టాను. చేత్తో కలిపి, ముద్ద చేసి, ఒక్క మెతుకు రాలకుండా తింది. ఆవిడ కాసేపు చూసి, "ఫోర్క్ కంటే ఇది కష్టమైన పని" అంటూ కాగితం మీద మార్చి రాశారు. ఏ జాబితా అయినా మన ఇంట్లో పిల్లలు చేసే పనిని బట్టి చదువుకోవాలి.

అదే జాబితాలో బంతి గురించి అడిగినప్పుడు మాత్రం నేను తల దించుకోవలసి వచ్చింది. పెద్ద బంతిని పట్టుకోవడం నాలుగేళ్లకి చాలామందికి వస్తుంది. మేం ఒక్కసారి కూడా పాపకి బంతి వేయలేదు.

ఇద్దరు పిల్లల నాన్న, విజయవాడ
జూలై 10, మధ్యాహ్నం 1:30

బంతి అంటే గుర్తొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు, నాలుగేళ్ల పిల్లల గురించి చెప్పింది: రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదలాలి, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా. ఫోను, టీవీ గంటకి మించకూడదు. మా చిన్నవాడికి ఒక ఆదివారం వాచీ పెట్టుకుని లెక్కేశాను. కదిలింది 40 నిమిషాలు, ఫోను రెండున్నర గంటలు. ఆ రోజు నుంచి సాయంత్రం కృష్ణ ఒడ్డున ఇసుకలో వదిలేస్తున్నాం.

కొత్త నాన్న, అనంతపురం
జూలై 10, మధ్యాహ్నం 3:05

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా పాపకి పదకొండు నెలలు, ఇంకా నడవలేదు. వాకర్ కొనమంటున్నారు, కొనాలా?

విశాఖ ఓటీ
జూలై 10, మధ్యాహ్నం 3:40

వద్దు తమ్ముడూ. నడిమధ్య కూర్చోబెట్టే గుండ్రటి వాకర్ వల్ల నడక ముందు రాదు, మెట్ల దగ్గర ప్రమాదాలు జరుగుతాయి. కెనడాలో 2004లో వాటిని నిషేధించారు. మన పాత మూడు చక్రాల చెక్కబండి వేరు. పాప తన కాళ్ల మీద తను నిలబడి దాన్ని తోస్తుంది, మీరు పక్కన ఉంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి అయిదు దేశాల పిల్లల్ని చూసి చెప్పిన లెక్క ప్రకారం సొంతంగా నడవడం 8 నెలల నుంచి 17 నెలలు దాటేదాకా ఎప్పుడైనా రావచ్చు. పదకొండు నెలలకి తొందర లేదు.

చెన్నై మాంటిస్సోరి టీచర్
జూలై 10, రాత్రి 8:15

గుండీలు మీరే పెడతానన్నారు కదా, దాని గురించి చెబుతాను. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకి శిక్షణ ఇచ్చారు. మా బడుల్లో ఇప్పటికీ ఉండే గుండీల చట్రం ఆమె పద్ధతిలోదే: చెక్క చట్రానికి రెండు గుడ్డలు బిగించి మధ్యలో పెద్ద గుండీలు. ఒంటి మీద ఉన్న చొక్కా గుండీ పిల్లాడికి సరిగ్గా కనపడదు, గడ్డం కిందికి వంగి చూడాలి. చట్రం అయితే ఎదురుగా ఉంటుంది. ఇంట్లో అది లేకపోయినా పాత చొక్కాని దిండుకి తొడిగి ముందు పెట్టండి, అదే పని చేస్తుంది. విప్పడం ముందు వస్తుంది, పెట్టడం తర్వాత. కాబట్టి సాయంత్రం స్కూల్ నుంచి వచ్చాక విప్పమనండి. పొద్దున హడావిడిలో నేర్పబోతే ఇద్దరికీ కోపం వస్తుంది.

నీళ్లు వంపడం కూడా నేరుగా నీళ్లతో మొదలుపెట్టకండి. రెండు చిన్న గ్లాసులు, ఒకదాంట్లో బియ్యం. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. గింజ రాలితే చప్పుడు వస్తుంది, పిల్లాడే ఆగి చూసుకుంటాడు. అది కుదిరాక నీళ్లు. మేం ఒక్క మాట కూడా మాట్లాడకుండా నెమ్మదిగా చేసి చూపిస్తాం. మాట్లాడితే పిల్లలు మన ముఖం చూస్తారు, చేతులు చూడరు.

తణుకు మాస్టారు
జూలై 11, ఉదయం 7:00

రాత్రి కూర్చుని అన్నీ చదివాను. అంగన్‌వాడీ టీచరమ్మ చింతగింజల మాట నాకు నచ్చింది. అమ్మా హైదరాబాద్ తల్లీ, ఇసుక దొరక్కపోతే పళ్లెంలో బొంబాయి రవ్వ పోయండి. "అ"తో మొదలుపెట్టకండి, అందులో మలుపులు ఎక్కువ. సున్నా, తర్వాత ర, ట. రోజుకి అయిదు నిమిషాలు, వాడు చాలంటే చాలు.

బుజ్జిగాడి అమ్మ, హైదరాబాద్
ఆగస్టు 17, రాత్రి 9:30

అయిదు వారాలైంది. మీ అందరికీ చెప్పుకోవాలని వచ్చాను.

ముందు పిల్లల డాక్టర్‌కి చూపించాను. అంతా బాగుంది, హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ అని మందు ఇచ్చారు. తర్వాత స్కూల్ మేడమ్‌ని కలిశాను. ఆవిడ మీద కోపంతోనే వెళ్లాను. కానీ క్లాసులో ముప్పై నాలుగు మంది, పుస్తకం నిండకపోతే తల్లిదండ్రులే వచ్చి అడుగుతారట. డిసెంబరు దాకా ఇంట్లో రాయించనని చెప్పాను, సరేనన్నారు. వాడికి పొట్టి క్రేయాన్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

లిఫ్ట్ మానేశాం. దిగేటప్పుడు మాత్రమే, నాలుగు అంతస్తులు. మొదటివారం పావుగంట పట్టేది, స్కూల్ ఆటో వాడు హారన్ కొట్టేవాడు. ఇప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టుకి ఒక్కో కాలు వేస్తున్నాడు. ఆదివారాలు చపాతీ పిండి వాడే పిసుకుతాడు, రెండు చేతులూ ఆనించి మోకాళ్ల మీద లేచి మరీ నొక్కుతాడు. అన్నం తనే తింటున్నాడు. అమ్మమ్మగారు చెప్పినట్టు బొటనవేలితో లోపలికి నెట్టడం మొన్ననే చూశాను.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పోయిన గురువారం స్కూల్ నుంచి వచ్చి చొక్కా విప్పుకుంటున్నాడు. పై గుండీ నేను విప్పబోతే నా చెయ్యి తోసేశాడు. గడ్డం గుండెకి ఆనించి, నాలుక బయట పెట్టి, ఎడమచేత్తో కాజా అంచు పట్టుకుని, కుడి బొటనవేలితో గుండీని ఏటవాలుగా నెడుతున్నాడు. సగం దూరి మళ్లీ వెనక్కి వచ్చింది. మళ్లీ నెట్టాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా నేను కదల్లేదు. నాలుగోసారికి వచ్చేసింది. వాడు నా వైపు కూడా చూడలేదు, రెండో గుండీ పట్టుకున్నాడు.

పెన్సిల్ ఇంకా ఒక్కోసారి పిడికిట్లోనే పడుతోంది. రవ్వలో మాత్రం ర రాస్తున్నాడు.

ఓ అబ్బాయి తండ్రి
ఆగస్టు 17, రాత్రి 10:05

చాలా సంతోషం చెల్లెమ్మా.

డాలస్ తెలుగమ్మాయి
ఆగస్టు 18, ఉదయం 8:20

అక్కా, కత్తెర మొదలుపెట్టారా? మా పాప కాగితాన్ని కత్తిరించబోతే అది వంగిపోయి బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటోంది, చిరాకుపడి పారేస్తోంది. తను ఎడమచేతి వాటం.

విశాఖ ఓటీ
ఆగస్టు 18, ఉదయం 9:00

ఎడమచేతి కత్తెర విడిగా దొరుకుతుంది, అది తీసుకోండి. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే బ్లేడ్లు దగ్గరికి నొక్కుకోవు, అందుకే కాగితం ఇరుక్కుంటుంది. మొన గుండ్రంగా ఉన్నది చూసుకోండి. మొదట పల్చటి కాగితం వద్దు, మందంగా ఉన్నది ఇవ్వండి, ఒక్క మాటుకే తెగేలా వేలెడు వెడల్పు ముక్కలు చేసి.

బుజ్జిగాడి అమ్మ, హైదరాబాద్
ఆగస్టు 18, ఉదయం 9:45

మేం పాత శుభలేఖలు వాడుతున్నాం చెల్లీ. బాగా మందంగా ఉంటాయి, వంగవు. ఇంట్లో ఉన్నవన్నీ అయిపోయాయి, నిన్న పక్క ఫ్లాట్ వాళ్లని అడిగితే ఒక సంచీడు ఇచ్చారు. ఇప్పుడు ఆ పాప కూడా వచ్చి మా వాడి పక్కనే కూర్చుని కత్తిరిస్తోంది.